కౌంట్‌డౌన్ పంపకండి, ముహూర్తం పంపండి

2020 మే నెలలో అందరం ఇళ్లలో ఇరుక్కుపోయి ఉన్నప్పుడు మా బంధువుల కోసం ఒక తంబోలా గేమ్ రాశాను. అప్పట్లో చాలా కుటుంబాలు వీడియో కాల్‌లో అదే ఆడేవి, ఒకరు నంబర్లు పిలుస్తుంటే మిగతావాళ్లు కాగితం మీద కొట్టేసుకోవడం. మా ఇంట్లో చిక్కేమిటంటే పిలిచేవాళ్లకి ఆడటానికి ఉండదు, అందుకని పిలవడానికి ఎవరూ ముందుకు రారు. సరే, ఆ పనేదో సర్వర్‌కి అప్పజెప్పేద్దాం అనుకున్నాను. 7 సెకన్లకొక నంబర్ అందరి ఫోన్లకీ వెళ్తుంది, టికెట్ ఫోన్ తెర మీదే కనపడుతుంది, జల్దీ ఫైవ్‌కి (అందరికంటే ముందు ఐదు నంబర్లు కొట్టినవాళ్లకిచ్చే ప్రైజ్) ఒక బటన్, లైన్లకి ఒక్కోటి, ఫుల్ హౌస్‌కి ఒకటి. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో రాశాను, ఫోన్లకీ సర్వర్‌కీ మధ్య లైను తెరిచి ఉంచే సాకెట్ ఐఓ వాడాను, సర్వర్ ముంబైలో పెట్టాను. మొదటి ఆదివారం రాత్రి 27 మందిమి ఆడాం. తెనాలి పక్కన పల్లెలో పెద్దత్తయ్య, విజయవాడలో బాబాయ్ వాళ్లు, కూకట్‌పల్లిలో అక్క, డాలస్‌లో బాబాయ్ కొడుకు. వాడికి అది ఆదివారం పొద్దున.

మూడు ఆటలయ్యాక పెద్దత్తయ్య విడిగా ఫోన్ చేసింది. “ఏరా, నాకు నంబర్ కనపడి నొక్కేసరికే ఎవరో కొట్టేశారని వస్తోంది. మూడుసార్లూ అంతే. నేనంత నిదానంగా నొక్కుతున్నానంటావా?”

ఆవిడ నిదానం మనిషి కాదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంటే ఆ వేళ్ల వెంట మన చూపు పోలేదు. ఆవిడ తనని తాను అనుమానించుకోవడం నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే తప్పు నేను రాసిన కోడ్‌లో ఉందని ఆ మాట వింటుండగానే తెలిసిపోయింది.

ఆ రాత్రే సర్వర్ రాసుకునే లాగ్ తెరిచాను. నంబర్ అందగానే ప్రతి ఫోనూ ‘అందింది’ అని తిరిగి చెప్పేలా ముందే పెట్టి ఉంచాను. అక్క ఫోన్ నుంచి ఆ జవాబు 34 మిల్లీసెకన్లలో వచ్చింది. డాలస్ నుంచి 260. పెద్దత్తయ్య ఫోన్ నుంచి ఒక నంబర్‌కి 90, ఇంకో నంబర్‌కి 380, ఆవిడ జల్దీ ఫైవ్ పోగొట్టుకున్న నంబర్‌కి 1,640. అంటే ఒకటిన్నర సెకను పైనే. ఆ లోపల అక్క నంబర్ చూసింది, టికెట్‌లో వెతుక్కుంది, బటన్ నొక్కింది, ప్రైజ్ తీసుకుంది. పెద్దత్తయ్య తెర మీద అప్పటికి పాత నంబరే ఉంది.

ఇక్కడ చాలామంది దూరం గురించి ఆలోచిస్తారు. డాలస్ నుంచి ముంబైకి గీత గీసినట్టు లెక్కేసినా దాదాపు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఒక వైపుకే 70 మిల్లీసెకన్లు, రానూపోనూ 140, ఆ కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి ఇంకా ఎక్కువ. తెనాలి అయితే ముంబైకి 900 కిలోమీటర్లే, వెలుగుకి 5 మిల్లీసెకన్లు కూడా పట్టదు. అయినా అమెరికా వాడి కంటే మా అత్తయ్యకే ఆలస్యంగా చేరింది. రాత్రి 9 గంటలకి ఊరంతా ఒకే టవర్ మీద పడుతుంది, సిగ్నల్ ఒకసారి ఉంటుంది ఒకసారి ఉండదు, దారిలో పోయిన ప్యాకెట్‌ని, అంటే మెసేజ్ ముక్కని, మళ్లీ పంపాలి. పైగా ఆ తెరిచి ఉంచిన లైను (వెబ్‌సాకెట్) ముక్కలన్నిటినీ వరసలోనే అందించే టీసీపీ అనే పద్ధతి మీద నడుస్తుంది, అందులో ఒక ముక్క పోతే దాని వెనక వచ్చినవన్నీ ఆ పోయిన ముక్క వచ్చేదాకా గుమ్మం బయట నిలబడాల్సిందే. సగటు చూస్తే బాగానే ఉంటుంది. ఆట పోగొట్టేది సగటు కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ 1,640.

నేను రాసిన లైను ఇది: రూమ్‌లో (అంటే ఒకే ఆటలో) ఉన్న అందరికీ ఈ నంబర్ పంపు. చదవడానికి ఎంత న్యాయంగా ఉంది! అందరికీ ఒకేసారి. కానీ ఆ ‘ఒకేసారి’ సర్వర్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. గుంపుకి పంపే మెసేజ్ విషయంలో మనం చేసే మొదటి తప్పు ఇదేనని నా నమ్మకం: మన దగ్గర్నుంచి బయల్దేరిన క్షణాన్ని వాళ్లకి చేరిన క్షణం అనుకోవడం.

పరుగు పందెం వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. స్టార్టర్ ట్రాక్ పక్కన నిలబడి తుపాకీ పేలిస్తే ఆ శబ్దం దగ్గర లేన్‌కి ముందు, చివరి లేన్‌కి తర్వాత చేరుతుంది. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు, ఎనిమిది లేన్లంటే దాదాపు 10 మీటర్లు, శబ్దానికి ఆ దూరం దాటడానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది. 100 మీటర్ల పరుగులో ఆ తేడాతో పతకాలు మారిపోతాయి. అందుకే పెద్ద పోటీల్లో ప్రతి రన్నర్ వెనకా స్టార్టింగ్ బ్లాక్ దగ్గర ఒక్కో స్పీకర్ పెడతారు, శబ్దం అందరికీ తన వెనక నుంచే వస్తుంది. 30 మిల్లీసెకన్ల కోసం అంత చేశారు వాళ్లు. నేను 1,640 వదిలేశాను.

మరి మన దగ్గర ప్రతి ఫోన్ వెనకా స్పీకర్ ఎలా పెట్టాలి? నెట్‌ని బాగుచేయడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటే, మెసేజ్‌ని ముందే పంపి, ‘ఇది ఫలానా క్షణానికి చూపించు’ అని అందులోనే రాయడం.

మన శుభలేఖలు చేసేది అదే కదా. కార్డు మీద ‘ఉదయం 9 గంటల 42 నిమిషాలకు’ అని రాస్తారు. ఆ కార్డు పక్కింటికి నెల ముందు అందుతుంది, దూరపు చుట్టానికి వారం ముందు అందుతుంది, కొందరికి వాట్సాప్‌లో రెండు రోజుల ముందు. ఎవరికి ఎప్పుడు అందినా జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మారదు. ఎవరూ రోజూ ఫోన్ చేసి ‘ఇంకా 36 గంటలుంది, ఇంకా 35 గంటలుంది’ అని చెప్పరు. కానీ నేను చూసిన గేమ్ సర్వర్ కోడ్‌లో చాలావరకు అదే జరుగుతుంది: సెకనుకొకసారి టైమర్ కొట్టుకుంటుంది, ప్రతిసారీ ‘మిగిలింది 29’, ‘మిగిలింది 28’ అని రూమ్ మొత్తానికి మెసేజ్. 30 సెకన్ల వంతుకి 30 మెసేజ్‌లు, రూమ్‌లో 27 మంది ఉంటే 810. అవన్నీ దారిలో ఆగి, గుంపుగా చేరితే ఫోన్‌లో అంకె 24 నుంచి ఒక్కసారిగా 20కి దూకుతుంది, చూసేవాళ్లకి టెన్షన్. దాని బదులు ‘ఈ వంతు సర్వర్ టైమ్ ప్రకారం ఫలానా మిల్లీసెకనుకి ముగుస్తుంది’ అని ఒక్క మెసేజ్ పంపితే మిగతాది ఫోన్ చూసుకుంటుంది. అంకెలు సాఫీగా తగ్గుతాయి, మధ్యలో నెట్ పోయినా తగ్గుతూనే ఉంటాయి, ఆలస్యంగా చేరినవాడికి కూడా సరైన అంకె కనపడుతుంది. తగ్గే అంకె తెర పని. సర్వర్ చెప్పాల్సింది గడువు.

తంబోలాకి ఇది ఇలా మారింది. సర్వర్ తర్వాతి నంబర్‌ని ఒకటిన్నర సెకన్లు ముందే తీస్తుంది, నంబర్‌తో పాటు చూపించాల్సిన క్షణాన్ని కూడా పంపుతుంది. అక్క ఫోన్‌కి అది వెంటనే చేరుతుంది, చేరి ఊరికే కూర్చుంటుంది. అత్తయ్య ఫోన్‌కి 380 పడుతుంది, అదీ కూర్చుంటుంది. ఆ క్షణం రాగానే రెండు తెరల మీదా ఒకేసారి నంబర్ పడుతుంది.

అయితే ఆ క్షణం వచ్చిందని ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? ఇక్కడ నేను చాలా సమయం పెట్టాను, ఎందుకంటే మా బాబాయ్ తన ఫోన్ గడియారాన్ని కావాలని 5 నిమిషాలు ముందుకి పెట్టుకుంటాడు. మీ ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు, బస్సు తప్పిపోకూడదని గోడ గడియారాన్ని 10 నిమిషాలు ముందు నడిపేవాళ్లు, అది ముందుందని తెలిసీ దాన్ని చూసే కంగారుపడేవాళ్లు. బాబాయ్ ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఉంది. ఫోన్ గడియారాన్ని నమ్మి ‘9:15:07కి చూపించు’ అంటే ఆయన ఫోన్ ఆ టైమ్ ఎప్పుడో దాటిపోయిందనుకుని చేతికందగానే చూపించేస్తుంది.

కాబట్టి ఫోన్ టైమ్ ఎంతన్నది అడగకూడదు, సర్వర్ టైమ్‌కీ దానికీ తేడా ఎంతన్నది కొలవాలి. ఫోన్ తన గడియారం ప్రకారం సరిగ్గా 10:00:00.000కి సర్వర్‌ని ‘నీ టైమ్ ఎంత’ అని అడిగిందనుకోండి. ‘9:54:58.150’ అని జవాబు వచ్చింది, అది ఫోన్‌కి చేరేసరికి ఫోన్ గడియారం 10:00:00.200 చూపిస్తోంది. రానూపోనూ 200 మిల్లీసెకన్లు, పోవడానికీ రావడానికీ చెరి సగం పట్టిందనుకుంటే సర్వర్ ఆ జవాబు రాసినప్పుడు ఫోన్‌లో 10:00:00.100 అయి ఉండాలి. అంటే ఫోన్ 5 నిమిషాల 1.95 సెకన్లు ముందుంది. పోక, రాక సమానంగా ఉండకపోవచ్చు, కానీ ఎంత తప్పినా తప్పు 100 మిల్లీసెకన్లు దాటదు, ఎందుకంటే మొత్తం ప్రయాణమే 200. ఇదే పని 8 సార్లు చేసి, అన్నిటికంటే తక్కువ సమయంలో తిరిగొచ్చిన దాన్ని పట్టుకుని మిగతావి పారేయాలి. సగటు తీయకూడదు, నేను మొదట సగటు తీసి ఒక వారం పోగొట్టుకున్నాను. తొందరగా వచ్చిన జవాబే దారిలో ఎక్కడా ఆగనిది, దాని మాటే నమ్మదగినది. 1985 నుంచి ప్రపంచంలోని కంప్యూటర్ల గడియారాలని కలుపుతున్న ఎన్‌టీపీ అనే పద్ధతి కూడా మూలంలో చేసేది ఈ లెక్కే, ఇంకా చాలా జాగ్రత్తలతో.

తేడా తెలిశాక కూడా గోడ గడియారం లాంటి టైమ్‌తో సెకన్లు లెక్కపెట్టకండి. ఆ టైమ్‌ని ఎవరైనా ఆట మధ్యలో మార్చొచ్చు, ఫోన్ తనంతట తనే సరిదిద్దుకోవచ్చు, అది వెనక్కి కూడా పోవచ్చు. ఇప్పుడు దాదాపు ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ ముందుకి మాత్రమే నడిచే గడియారం ఒకటి ఉంటుంది, వ్యవధులు కొలవడానికి దాన్నే వాడాలి. 2017 జనవరి 1న, మనకి తెల్లవారి 5:30 అయినప్పుడు, లీపు సెకను కలిపారు, అంటే ప్రపంచ సమయానికి ఒక సెకను అదనంగా చేర్చారు, దానికోసం చాలా కంప్యూటర్లు టైమ్‌ని ఒక సెకను వెనక్కి తిప్పుకున్నాయి. టైమ్ వెనక్కి వెళ్లదన్న నమ్మకంతో రాసిన ఒక లెక్కలో రుణసంఖ్య వచ్చి క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ డీఎన్‌ఎస్‌లో (వెబ్‌సైట్ పేరుని చిరునామాగా మార్చే వ్యవస్థ) కొంత భాగం దెబ్బతింది. అదే ఏడాది వచ్చిన గో భాష 1.9 వెర్షన్‌లో ముందుకే నడిచే గడియారాన్ని దాని టైమ్ లైబ్రరీలోనే కలిపారు. అంత పెద్దవాళ్లకే తగిలిన దెబ్బ మన తంబోలాకి తగలదనుకోవడం సరికాదు.

రెండో ఆదివారం ఇంకోటి జరిగింది. డాలస్ తమ్ముడి వైఫై ఆ రోజు పదే పదే తెగుతోంది. తెగినప్పుడల్లా ఫోన్ తనే మళ్లీ కలుస్తుంది, రూమ్‌లో మళ్లీ చేరుతుంది. నేను టైమర్ మొదలుపెట్టే లైనుని ‘ఎవరైనా రూమ్‌లో చేరితే’ అన్న చోట రాశాను, ఒక్కడినే కూర్చుని టెస్ట్ చేసుకున్నప్పుడు అది చక్కగా పనిచేసింది మరి. ఇప్పుడు వాడు తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకో టైమర్ మొదలైంది. రెండు టైమర్లు, మూడు, ఐదు, ఒక్కోటీ తన 7 సెకన్ల లెక్కలో తను నంబర్ పిలుస్తోంది. నంబర్లు వడగళ్లలా పడ్డాయి. వీడియో కాల్‌లో పిన్ని “ఆపండి, ఆపండి, నేనింకా నలభై రెండు దగ్గరే ఉన్నాను” అని అరుస్తోంది, ఎవరు ఆపాలో ఎవరికీ తెలీదు, నేను సర్వర్‌నే ఆపేశాను. ఆపితే టికెట్లన్నీ పోయాయి.

గుంపుకి టైమ్ ప్రకారం మెసేజ్‌లు పంపే కోడ్ రాసే ప్రతివాళ్లకీ నేను చెప్పే మాట ఇది: టైమర్ రూమ్‌ది. మనిషిది కాదు, కనెక్షన్‌ది అసలే కాదు. కనెక్షన్లు వస్తాయి, పోతాయి, ఒకే మనిషికి ఒకేసారి రెండు కూడా ఉంటాయి. పాత సాకెట్ (కనెక్షన్) చచ్చిందని సర్వర్‌కి తెలియకముందే కొత్తది వచ్చేస్తుంది. సాకెట్ ఐఓ ఇప్పటి వెర్షన్‌లో మామూలు సెట్టింగులతో 25 సెకన్లకొకసారి పలకరించి, జవాబు కోసం ఇంకో 20 సెకన్లు ఎదురుచూస్తుంది, అంటే నిశ్శబ్దంగా పోయిన ఫోన్ పోయిందని తెలియడానికి 45 సెకన్లు పట్టొచ్చు. రూమ్ పుట్టినప్పుడు ఒక టైమర్, రూమ్ పోయినప్పుడు దాని రద్దు, మధ్యలో ఎంతమంది వచ్చినా పోయినా దాన్ని ముట్టుకోకూడదు. ఆఖరి మనిషి పోయిన వెంటనే రద్దు చేయకండి, అర నిమిషం ఆగండి, లిఫ్ట్‌లో ఉండి ఉంటారు. ఎర్లాంగ్, ఎలిక్సిర్ భాషలు వాడేవాళ్లకి రూమ్‌కొక ప్రాసెస్ (విడిగా నడిచే చిన్న ప్రోగ్రామ్), దాని టైమర్ దానికే అన్నది పుట్టుకతో వచ్చిన అలవాటు, అందుకే ఈ పనికి నాకు వాటి మీద గౌరవం. నోడ్‌లో ఆ క్రమశిక్షణ మనమే తెచ్చుకోవాలి.

‘ఇంత సమయానికొకసారి ఈ పని చెయ్యి’ అనడానికి నోడ్‌లో మామూలుగా వాడే సెట్‌ఇంటర్వల్ గురించి కూడా ఒక మాట. 7,000 మిల్లీసెకన్లు అని ఇస్తే అది సరిగ్గా 7,000 కాదు, అంతకి తక్కువ కాకుండా అని మాత్రమే. ప్రతిసారీ ఓ మిల్లీసెకనో రెండో జారుతుంది, సర్వర్ వేరే పనిలో ఉంటే ఇంకా ఎక్కువ. 90 నంబర్లు పిలిచే పదిన్నర నిమిషాల ఆటలో అది ఎవరికీ కనపడదు, రోజంతా నడిచే గేమ్‌లో కనపడుతుంది. మందు చిన్నదే. ‘ఇప్పటి నుంచి 7 సెకన్లు’ అనకుండా ‘ఆట మొదలైన క్షణానికి ఇన్ని ఏడులు కలిపితే వచ్చే క్షణం’ అని ప్రతిసారీ మొదటి నుంచి లెక్కేసుకుని, మిగిలిన కాసేపటికే, ఒక్కసారి మాత్రమే మోగే సెట్‌టైమౌట్ పెట్టుకుంటే జారింది జారినచోటే ఆగిపోతుంది.

ముహూర్తం పద్ధతిలో నాకు బాగా నచ్చినది సర్వర్ పడిపోయినప్పుడు తెలిసింది. టైమర్ అనేది ప్రాసెస్ లోపల ఉండే కదలిక, ప్రాసెస్ చస్తే అదీ చస్తుంది. ‘మిగిలింది 4 సెకన్లు’ అని డేటాబేస్‌లో రాసుకుంటే ఆ రాత కూడా రాసిన మరుక్షణమే అబద్ధం. గడువు అలా కాదు, ‘ఫలానా క్షణం’ అన్నది ఎప్పుడు చదివినా నిజమే. రెడిస్ అనే డేటాబేస్‌లో రూమ్ పేరు, తర్వాతి నంబర్ క్షణం, ఇప్పటిదాకా పిలిచిన నంబర్లు ఉంచితే చాలు, సర్వర్ మళ్లీ లేచి అవి చదువుకుని ఎక్కడ ఆపిందో అక్కడ అందుకుంటుంది. రెండు సర్వర్లు నడుపుతున్నప్పుడు ఒకే రూమ్‌కి ఇద్దరూ నంబర్ పిలవకుండా రూమ్ పేరు మీద 10 సెకన్ల గడువుతో ఒక తాళం పెట్టాను, పట్టుకున్నవాడు పునరుద్ధరించుకుంటూ ఉంటాడు, వాడు చస్తే తాళం దానంతటదే ఊడి రెండోవాడికి దొరుకుతుంది.

ఇదంతా ఆఫీసులో ఒక మిత్రుడికి చెబితే అతను ఒప్పుకోలేదు. అతను షూటింగ్ గేమ్‌లు బాగా ఆడతాడు. “నెట్ బాగాలేనివాళ్ల కోసం బాగున్నవాళ్లని ఒకటిన్నర సెకను ఆపుతావా? ఆటంటే వేగం. మంచి నెట్‌కి డబ్బు కడుతున్నాను నేను” అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది, దాన్ని పక్కకి తోసేయలేను. ఎదురుగా మనిషి పరిగెడుతుంటే గురిచూసి కొట్టే ఆటలో ఒకటిన్నర సెకను ఆపితే అది ఆటే కాదు. అక్కడ వేరే దారులు పుట్టాయి. క్వేక్‌వరల్డ్ అనే షూటింగ్ గేమ్ 1996 డిసెంబర్‌లో వచ్చింది, అందులో మన కదలికని సర్వర్ జవాబు కోసం ఆగకుండా మన కంప్యూటరే ఊహించి చూపించేస్తుంది, తప్పితే తర్వాత సరిచేస్తుంది. కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో షూటింగ్ గేమ్‌లో సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి, మీరు ట్రిగ్గర్ నొక్కినప్పుడు మీ తెర మీద ఎదుటివాడు ఎక్కడ కనపడ్డాడో చూసి తీర్పు చెబుతుంది. దాని ధర ఎవరు కడతారంటే గోడ చాటుకి వెళ్లిపోయాక కూడా చచ్చిపోయే ఎదుటివాడు.

కానీ అన్ని ఆటలూ అవి కావు. 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే యుద్ధ వ్యూహాల ఆటని 28.8 మోడెమ్ (ఫోన్ లైన్ మీద నడిచే అప్పటి నెమ్మది నెట్) మీద ఎనిమిదిమంది ఆడేలా రాశారు. మనలో చాలామంది దాని రెండో భాగాన్ని ఇంజనీరింగ్ హాస్టల్ లోకల్ నెట్‌వర్క్‌లో ఆడినవాళ్లమే, అక్కడ ఆలస్యం దాదాపు ఉండదు కాబట్టి ఈ సమస్య ఉందన్నది మనకి అప్పుడు తెలీదు. ఆ ఆట రాసినవాళ్లు 2001లో వివరంగా చెప్పారు: కాలాన్ని మామూలుగా 200 మిల్లీసెకన్ల వంతులుగా కోశారు, మీరు ఇప్పుడు ఇచ్చిన ఆజ్ఞ రెండు వంతుల తర్వాత, అందరి కంప్యూటర్లలోనూ అదే వంతులో అమలవుతుంది. అంటే ముందే పంపి, చెప్పిన క్షణానికి చేయడం. రూమ్‌లో అందరికంటే నెమ్మదైన కనెక్షన్‌ని బట్టి వంతు నిడివి మారుతుంది. వాళ్లు గమనించిన ఇంకో సంగతి నాకు చాలా విలువైనది. ఒకసారి 80, ఒకసారి 500 మిల్లీసెకన్లుగా మారిపోయే స్పందన కంటే ఎప్పుడూ నిలకడగా 500 ఉండే స్పందనే ఆడేవాళ్లకి నయమట. నిలకడగా ఉంటే చెయ్యి అలవాటుపడిపోతుంది. (ఆ ఆట చేసిన స్టూడియో ఉండేది డాలస్‌లోనే. ఈ సంగతి చెబితే మా తమ్ముడు వైఫై మార్చుకుంటానని మాటిచ్చాడు.)

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల గేమ్ ఇంకా ముందుకెళ్లింది. ఒకే చోట వేలమంది యుద్ధానికి దిగి సర్వర్ మోయలేనప్పుడు కొందరి ఆజ్ఞలు తప్పిపోకుండా ఆ ప్రాంతం మొత్తానికి కాలాన్నే నెమ్మది చేస్తుంది, మామూలు వేగంలో 10 శాతం దాకా. 2014 జనవరిలో జరిగిన ఒక యుద్ధం అలా దాదాపు 21 గంటలు సాగింది. అందరికీ నెమ్మది, కానీ అందరికీ ఒకటే కాలం. వేగం కంటే న్యాయం ముఖ్యమని తేల్చుకున్నవాళ్లు మాత్రమే అలాంటిది రాయగలరు.

మిత్రుడికి నేను చెప్పిన జవాబు ఇదే. తంబోలా, క్విజ్, లూడో, పేకాట లాంటివి అందరూ ఒక చోట కూర్చుని ఆడే ఆటలు. హాల్లో తంబోలా పిలిచే పెద్దమనిషి నంబర్ చెప్పాక ఒకసారి చుట్టూ చూస్తాడు. వెనక వరుసలో చెవి సరిగా వినపడని తాతగారికి పక్కవాళ్లు చెప్పేదాకా ఆగుతాడు. అలా ఆగాడని ముందు వరుస వాళ్లు గొడవపడరు. ఆ ఆగడమే ఆటలో భాగం. మనం దాన్ని కోడ్‌లోకి తెస్తూ ఆ మనిషి చూపుని వదిలేశాం, గొంతుని మాత్రం తెచ్చుకున్నాం.

మిత్రుడి రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. నంబర్ ముందే ఫోన్‌కి చేరుతోంది కాబట్టి, తెలివైనవాడు యాప్‌ని విప్పి చూస్తే అందరికంటే ముందే చూసేస్తాడు. నిజమే. దీనికి పూర్తి మందు లేదు. నంబర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపి తాళంచెవి తర్వాత పంపినా ఆ తాళంచెవి కూడా అదే దారిలో అదే ఆలస్యంతో వెళ్తుంది. నేను తీర్పు వైపు నుంచి కట్టుదిట్టం చేశాను. నంబర్ తెర మీద పడిన క్షణం నుంచి నొక్కేదాకా ఎంత పట్టిందో ఫోన్ చెబుతుంది. చూపించాల్సిన క్షణం తర్వాత సర్వర్ 2 సెకన్లు తీర్పు చెప్పకుండా ఆగి, వచ్చిన క్లెయిమ్‌లన్నీ పోగేసి, వాటిలో తక్కువ పట్టినవాళ్లకి ప్రైజ్ ఇస్తుంది. ఫోన్ చెప్పింది ఉన్నదున్నట్టు నమ్మదు, క్లెయిమ్ చేరిన క్షణం సర్వర్‌కి తెలుసు, ఆ ఫోన్ మామూలుగా తీసుకునే సమయమూ తెలుసు, రెండూ పొసగకపోతే తీసి పక్కన పెడుతుంది. పరుగు పందెంలో తుపాకీ పేలిన 0.1 సెకను లోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అంటారు, అంత త్వరగా శబ్దం విని స్పందించడం మనిషికి సాధ్యం కాదని. నేనూ 100 మిల్లీసెకన్ల లోపు క్లెయిమ్‌ని తీసుకోను. ఇద్దరి మధ్య తేడా 150 లోపు ఉంటే ప్రైజ్ చెరి సగం, హాల్లో ఇద్దరు ఒకేసారి అరిస్తే పంచినట్టే. డబ్బు పెట్టి ఆడే ఆటకి ఈ కాపలా చాలదు, అక్కడ నంబర్‌ని ముందుగా పంపడమే కుదరదు. ఇంటి ఆటకి చాలు.

ఫోన్ తెర ఆరిపోతే ఏం చేయాలన్నది మాత్రం ఇంకా సగమే తేలింది. బ్రౌజర్‌లో ట్యాబ్ వెనక్కి పోతే టైమర్లు సెకనుకొకసారికి మించి కొట్టుకోవు, తెర లాక్ అయితే కాసేపటికి సాకెట్టే పోతుంది. తిరిగి రాగానే పోయిన మెసేజ్‌లన్నీ ఒకదాని వెనక ఒకటి పంపడం తప్పు, పిన్ని అరిచిన రాత్రి మళ్లీ వస్తుంది. ఇప్పటిదాకా పిలిచిన నంబర్ల జాబితా ఒక్కటి, తర్వాతి ముహూర్తం ఒక్కటి పంపితే తెర తనంతట తనే సర్దుకుంటుంది. మరి తెర ఆరి ఉన్నప్పుడు పోయిన లైన్ ప్రైజ్ మాటేమిటి? ఒకసారి ఇచ్చాను, ఒకసారి ఇవ్వలేదు, రెండుసార్లూ ఎవరో ఒకరు నొచ్చుకున్నారు.

ఇప్పుడు ముందస్తు సమయం ఒకటిన్నర సెకను అని గట్టిగా లేదు. ప్రతి రూమ్‌లో ఇటీవలి 20 నంబర్లలో అందరికంటే ఆలస్యంగా చేరినదాన్ని చూసుకుని, దానికి కొంచెం కలిపి, 3 సెకన్లు దాటకుండా పెట్టుకుంటుంది. పోయిన సంక్రాంతికి 41 మంది ఆడాం. పెద్దత్తయ్య ఒక లైన్ కొట్టింది, జల్దీ ఫైవ్ అక్కతో పంచుకుంది, తేడా 112 మిల్లీసెకన్లు. కానీ ఆ రాత్రి ఆవిడ లాగ్‌లో 3,000 దాటినవి నాలుగు నంబర్లున్నాయి, పండక్కి ఊరికి వచ్చినవాళ్లందరూ అదే టవర్ మీద. హద్దుని 4 సెకన్లకి పెంచితే ఆ నాలుగూ సరిపోతాయి, 7 సెకన్లకి నంబర్ పిలిచే ఆటలో ప్రతి నంబర్ సగం కంటే ఎక్కువ సేపు ముందే ఫోన్లలో కూర్చుని ఉంటుంది. ఉగాదికి 4 పెట్టి చూస్తాను.